ఎవరి కళ్లలో నామోషీ? జపనీస్ మాట్లాడేవారికి ఏ ప్రశ్నావళి ఇవ్వాలి

జపాన్‌లో సైకాలజీ, నర్సింగ్, సోషల్ వర్క్ చదివే మన విద్యార్థులకైనా, అక్కడి కంపెనీల్లో ఉద్యోగుల బాగోగులు చూసే తెలుగువాళ్లకైనా ఎప్పుడో ఒకప్పుడు ఈ పని మీద పడుతుంది. మానసిక సమస్యల గురించి అక్కడివాళ్లు ఏమనుకుంటున్నారో, వాటి వల్ల ఎంత సిగ్గుపడుతున్నారో కొలవాలి. ఇంటర్నెట్‌లో వెతికితే పది స్కేళ్లు, అంటే జవాబులకు అంకెలు వేసి కొలిచే ప్రశ్నావళులు, కనిపిస్తాయి. అన్నింటి పేర్లలోనూ స్టిగ్మా (చిన్నచూపు) అనో, ఆటిట్యూడ్ (అభిప్రాయం) అనో ఉంటుంది. ఏది చిన్నగా ఉంటే అది, లేదా ఏది ఉచితంగా దొరికితే అది తీసుకుని పని మొదలుపెట్టేస్తారు.

అలా తీసుకునే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఎవరి సిగ్గు, ఎవరి కళ్లలో? మనిషి తనను తాను తక్కువగా చూసుకోవడం ఒకటి. నలుగురూ తనను తక్కువగా చూస్తారన్న భయం ఇంకొకటి. తన వల్ల ఇంటి పరువు పోతుందన్న బాధ మూడోది. జబ్బు ఉన్న ఎదుటి మనిషిని తానే దూరం పెట్టడం నాలుగోది. ఒకదాని కోసం తయారైన ప్రశ్నావళిని తెచ్చి ఇంకోదానికి వాడితే అంకెలైతే వస్తాయి, మీరు వెతుకుతున్న జవాబు మాత్రం రాదు.

ఈ తేడా ఎంత పెద్దదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 2006లో జపాన్, ఆస్ట్రేలియా ప్రజల అభిప్రాయాలను పక్కపక్కన పెట్టి చూసిన ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. ఒక మనిషి కథ క్లుప్తంగా చెప్పి, అతని గురించి ప్రశ్నలు అడిగారు. కథల్లో కొన్ని డిప్రెషన్‌వి, కొన్ని స్కిజోఫ్రీనియావి (లేని మాటలు వినిపించడం, భ్రమలు కలగడం లాంటివి ఉండే తీవ్రమైన మానసిక జబ్బు). "మీరేమనుకుంటారు, మీరు అతనికి ఎంత దగ్గరగా ఉండగలరు" అని అడిగినప్పుడు జపాన్‌లో చిన్నచూపు, దూరం ఎక్కువగా కనిపించాయి. "మిగతావాళ్లు ఏమనుకుంటారు" అని అడిగితే లెక్క తారుమారైంది, ఆస్ట్రేలియావాళ్ల అంకె పైకి వెళ్లింది. అవే రెండు దేశాలు, అదే సర్వే. ప్రశ్నలో "మీరు" ఉందా "మిగతావాళ్లు" ఉందా అన్నదాన్ని బట్టి ఏ దేశంలో చిన్నచూపు ఎక్కువ అన్నదే మారిపోయింది.

స్కేలు కంటే ముందు మాటలు చూడండి

జపనీస్‌లో సిగ్గును హజి అంటారు. సిగ్గుగా ఉంది అనడానికి హజుకషీ అంటారు. మన సిగ్గుకు ఉన్నట్టే ఈ మాటకూ రెండు ముఖాలు ఉన్నాయి. చుట్టాల ముందు పాట పాడమంటే పిల్ల సిగ్గుపడుతుంది, అది బిడియం. చేసిన తప్పు ఊరంతా తెలిసిన మనిషి సిగ్గుతో తల దించుకుంటాడు, అది తలవంపులు. ప్రశ్నలో ఉత్త హజుకషీ అని రాస్తే కొందరు బిడియం గురించి, కొందరు తలవంపుల గురించి జవాబిస్తారు. మనం అడగాలనుకునేది నామోషీ గురించి కాబట్టి, అనువాదంలో "నన్ను నేను తక్కువవాడిగా చూసుకుంటాను", "నన్ను చేతకానివాడిగా చూస్తారు" అని విడమరిచిన వాక్యాలు ఉన్నాయో లేదో చూసుకోవాలి.

ఇంకో మూడు మాటలు కూడా తెలియాలి. సెకెన్ అంటే మనం "నలుగురు ఏమనుకుంటారో" అన్నప్పుడు తట్టే ఆ నలుగురే. సెకెన్‌తెయ్ అంటే ఆ నలుగురిలో మన పరువు. మేవాకు అంటే నా వల్ల ఇతరులకు కలిగే ఇబ్బంది. డిప్రెషన్‌తో సెలవు పెట్టిన జపాన్ ఉద్యోగి నాకు సిగ్గుగా ఉంది అనకపోవచ్చు. ఆఫీసులో అందరికీ మేవాకు అవుతోంది అంటాడు. ఆ బాధ కూడా సిగ్గు కుటుంబంలోదే. దాన్ని పట్టుకునే ప్రశ్న మీ స్కేలులో లేకపోతే అతని స్కోరు తక్కువ వస్తుంది. అతనికి సిగ్గు లేదని మీరు రాసేస్తారు.

జబ్బు పేరు కూడా అంతే ముఖ్యం. స్కిజోఫ్రీనియాకు జపనీస్‌లో ఒకప్పుడు "మనసు చీలిన జబ్బు" అనే అర్థం వచ్చే పేరు ఉండేది. పేరు మార్చమని రోగుల కుటుంబాల సంఘం 1993లో అడిగింది. జపాన్ సైకియాట్రీ సొసైటీ 2002లో దాన్ని తోగో-షిచ్చో-షో అని మార్చింది, అంటే మనసులోని అంశాల మధ్య పొందిక తప్పిన స్థితి. పాత పేరు ఎంత బరువుగా ఉండేదంటే, ఫలానా జబ్బు అని డాక్టర్లే రోగికి చెప్పేవారు కాదు. పేరు మారిన మూడేళ్లలో, జబ్బు పేరు తెలిసిన రోగుల వాటా 36.7 శాతం నుంచి 69.7 శాతానికి పెరిగింది. వృద్ధాప్య మతిమరుపు జబ్బుకు ఉన్న కించపరిచే పేరును కూడా 2004లో మార్చారు. కాబట్టి 2002కు ముందు అనువాదమైన ప్రశ్నావళి చేతికొస్తే, అందులో ఏ పేరు ఉందో ముందు చూడండి. పాత పేరుతో అడిగితే వచ్చే జవాబులో సగం ఆ పేరు మీది భయమే కావచ్చు.

ఆస్పత్రి పేరూ అంతే. సెయ్‌షిన్-కా అంటే నేరుగా మానసిక వైద్య విభాగం. షిన్ర్యో-నయ్‌కా అంటే మనసు ప్రభావంతో వచ్చే శరీర సమస్యలు చూసే విభాగం. చాలా క్లినిక్‌లు బోర్డు మీద రెండో పేరు కూడా రాసుకుంటాయి, ఆ గుమ్మం ఎక్కడం రోగికి కాస్త తేలిక కాబట్టి. "సహాయం కోసం వెళతారా" అన్న ప్రశ్నలో ఈ రెండింటిలో ఏది రాశారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

ఇంత జాగ్రత్త ఎందుకంటే ఈ సిగ్గుకు జపాన్‌లో పాత చరిత్ర ఉంది. 1900లో వచ్చిన చట్టం మానసిక రోగిని ఇంట్లోనే గదిలో బంధించి ఉంచే బాధ్యతను కుటుంబం మీద పెట్టింది. కురె షూజో అనే వైద్యుడు తన శిష్యులతో ఊరూరా ఆ గదులను పరిశీలింపజేసి 1918లో నివేదిక ఇచ్చారు. ఈ రోగులకు జబ్బు రావడం ఒక దురదృష్టమైతే, ఈ దేశంలో పుట్టడం రెండో దురదృష్టమని ఆయన ఆవేదనతో రాశారు. ఇంట్లో బంధించే పద్ధతి చట్టపరంగా పోవడానికి 1950 దాకా పట్టింది. ఆ తర్వాత రోగులు ఆస్పత్రుల్లోకి చేరారు. ఈనాటికీ జపాన్‌లో మూడు లక్షలకు పైగా సైకియాట్రీ పడకలు ఉన్నాయి. జనాభా లెక్కన చూస్తే అభివృద్ధి చెందిన దేశాల్లో ఇదే అత్యధికం. జబ్బు మనిషిని దాచడం కుటుంబం పని అని చట్టమే చెప్పిన చోట, కుటుంబం గురించి అడగని స్కేలు సగం నిజమే చెబుతుంది.

పరువు నుంచి పుట్టిన స్కేలు

అందుకే, సిగ్గును కొలవడమే మీ అసలు పని అయితే, నేను మొదట చూడమనేది ఆటిట్యూడ్స్ టువర్డ్స్ మెంటల్ హెల్త్ ప్రాబ్లమ్స్ స్కేల్. పరిశోధకులు దీన్ని ఏటీఎంహెచ్‌పీఎస్ అంటారు. దీన్ని తయారుచేసింది ఇంగ్లండ్‌లోని డెర్బీలో పనిచేసిన సైకాలజిస్టు పాల్ గిల్బర్ట్ బృందం. అంతకు ముందు 2004లో వాళ్లు డెర్బీలో స్థిరపడ్డ దక్షిణాసియా స్త్రీలను కూర్చోబెట్టి మాట్లాడించారు. ఆ మాటల్లో పదే పదే వచ్చింది ఇజ్జత్, అంటే మన పరువు. నాకు బాగోలేదని చెబితే అమ్మానాన్నల పరువు, అత్తింటి పరువు ఏమవుతుందోనన్న భయం. ఆ తర్వాత 2007లో ఆసియా మూలాలున్న విద్యార్థినులనూ మిగతావాళ్లనూ పోల్చడానికి ఈ స్కేలు వాడారు. మన ఇళ్లలోంచి వెళ్లిన బాధను కొలవడానికి పుట్టిన కొలబద్ద, ఇప్పుడు జపనీస్‌లో పనికొస్తోంది. యసుహిరో కొతెరా, ఆయన తోటి పరిశోధకులు దీన్ని జపాన్ ఉద్యోగులు, విద్యార్థుల అధ్యయనాల్లోకి తీసుకెళ్లారు.

ఇందులో 35 వాక్యాలు ఉంటాయి. ప్రతి వాక్యానికి 0 నుంచి 3 వరకు నాలుగు గళ్లు. మొత్తం ఏడు భాగాలు. మానసిక సమస్యలను నా చుట్టూ ఉన్న సమాజం ఎలా చూస్తుంది, నా కుటుంబం ఎలా చూస్తుంది అన్నవి మొదటి రెండు. నాకే సమస్య వస్తే సమాజం నన్ను ఎలా చూస్తుంది, కుటుంబం నన్ను ఎలా చూస్తుంది అన్నవి తర్వాతి రెండు. నన్ను నేను ఎలా చూసుకుంటాను అన్నది అయిదోది. చివరి రెండే దీన్ని మిగతా వాటినుంచి వేరు చేస్తాయి. నా వల్ల నా కుటుంబానికి వచ్చే తలవంపులు ఒకటి, నా కుటుంబంలో ఒకరికి జబ్బు ఉంటే దాని వల్ల నాకు వచ్చే తలవంపులు ఇంకొకటి. ఈ రెండో దిశను మనవాళ్లకు వివరించక్కర్లేదు. పెళ్లి సంబంధం చూసేటప్పుడు "వాళ్ల మేనమామకు ఏదో ఉందట" అన్న ఒక్క మాట ఎంత పని చేస్తుందో మనకు తెలుసు.

ఏడు భాగాలను విడిగా చూడగలగడమే దీని బలం. ఒక బృందంలో అందరికీ తమ మీద తమకు చిన్నచూపు లేకపోవచ్చు, ఇంటివాళ్ల గురించిన భయం మాత్రం గట్టిగా ఉండొచ్చు. మొత్తం స్కోరు ఒక్కటే చూస్తే ఆ సంగతి తెలియదు. ఏం చేయాలన్న నిర్ణయం కూడా దాన్ని బట్టే ఉంటుంది. మొదటి రకానికి మనిషితో పనిచేయాలి, రెండో రకానికి కుటుంబాన్ని కూర్చోబెట్టాలి.

దీనికి 14 వాక్యాల పొట్టి రూపం కూడా ఉంది. ఏడు భాగాలకూ రెండేసి వాక్యాలు. పొడుగుదా, పొట్టిదా? వేరే ప్రశ్నావళులతో కలిపి ఇస్తుంటే, పని గంటల మధ్యలో నింపిస్తుంటే, పొట్టిదే మేలు. 35 వాక్యాలు చివరికొచ్చేసరికి చదవకుండా గీతలు గీసేస్తారు. సిగ్గే మీ అసలు విషయమై, ఏ భాగం ఎంత అన్నది విడమరిచి చెప్పాలంటే పొడుగుది తీసుకోండి. రెండు వాక్యాల మీద ఆధారపడి ఒక మనిషి గురించి తీర్పు చెప్పడం నాకు సమ్మతం కాదు. బృందం సగటు చెప్పడానికైతే సరే.

లోపాలు లేవని కాదు. ఇందులోని "నా సమాజం" అన్న మాట డెర్బీలో ఒక వలస కుటుంబానికి స్పష్టంగా అర్థమవుతుంది. టోక్యోలో ఒంటరిగా అద్దెకుండే ఉద్యోగికి సమాజం అంటే ఏమిటి? పక్కింటివాళ్లా, కంపెనీవాళ్లా, పుట్టిన ఊరా? ప్రశ్నావళి పైన ఒక వాక్యంలో అది చెప్పేయండి, అందరికీ ఒకేలా. ఇంకో చిక్కు, చాలా వాక్యాలు "నాకు సమస్య ఉంటే" అనే ఊహ మీద నడుస్తాయి. నిజంగా సమస్యతో ఉన్నవాళ్లు వాటిని వేరే రకంగా చదువుతారు.

ఎదుటివాళ్లను చూసే చూపు కొలవాలంటే

స్కూల్లో ఒక పాఠం చెప్పి, పిల్లల ఆలోచన మారిందా అని చూడాలనుకోండి. జపాన్ హైస్కూల్ ఆరోగ్య పాఠాల్లో మానసిక జబ్బుల విషయం దాదాపు 40 ఏళ్ల తర్వాత 2022లో మళ్లీ చేరింది కాబట్టి ఈ అవసరం ఇప్పుడు చాలామందికి ఉంది. ఇక్కడ సిగ్గు స్కేలు సరిపోదు. రిపోర్టెడ్ అండ్ ఇంటెండెడ్ బిహేవియర్ స్కేల్ అనే ఎనిమిది ప్రశ్నల స్కేలు బాగుంటుంది, దాని జపనీస్ రూపం 2014లో వచ్చింది. మొదటి నాలుగు ప్రశ్నలు ఇప్పటిదాకా అలాంటివారితో కలిసి ఉన్నారా, పనిచేశారా అని అడుగుతాయి. తర్వాతి నాలుగు ఇకముందు ఉండగలరా అని అడుగుతాయి. స్కోరు ఈ చివరి నాలుగింటికే. అయిదు నిమిషాలు కూడా పట్టదు. పాఠానికి ముందూ తర్వాతా ఇవ్వడానికి అనువైనది.

ఒక చిన్న కథ చెప్పి, ఈ మనిషిని పొరుగింట్లో ఉండనిస్తారా, మీ ఇంటి సంబంధం చేసుకుంటారా అని అడిగే దూరం ప్రశ్నలు ఇంకా లోతుగా వెళ్తాయి. ఏ జబ్బు గురించి అడుగుతున్నారో స్పష్టంగా ఉంటుంది. జపాన్‌లో డిప్రెషన్ మీద కన్నా స్కిజోఫ్రీనియా మీద దూరం ఎక్కువ. రెండింటినీ కలిపి ఉత్తినే మానసిక జబ్బు అని అడిగితే వచ్చే అంకె దేని గురించో ఎవరూ చెప్పలేరు.

సామాజిక శాస్త్రవేత్త బ్రూస్ లింక్ 1987లో ఇచ్చిన 12 వాక్యాల స్కేలు "చాలామంది ఇలా అనుకుంటారు" అనే తీరులో అడుగుతుంది. జపనీస్ రూపం 2006 నుంచి ఉంది. సెకెన్ మీది భయాన్ని పట్టుకోవడానికి ఇది మంచిది. పైగా తన మాటగా చెప్పడానికి మొహమాటపడే మనిషి "చాలామంది" చాటున నిజం చెప్పే అవకాశం ఉంది. అయితే ఆ స్కోరును ఆ మనిషి సొంత అభిప్రాయంగా రాయకండి. ఆస్ట్రేలియా పోలిక చెప్పింది అదే.

జబ్బుతో ఉన్నవారికి, సహాయం కోరేవారికి

ఇప్పటికే చికిత్సలో ఉన్నవాళ్లతో పనిచేస్తుంటే ఇంటర్నలైజ్డ్ స్టిగ్మా ఆఫ్ మెంటల్ ఇల్‌నెస్ స్కేలు తప్ప వేరేది చూడనక్కర్లేదు. 29 వాక్యాలు, అయిదు భాగాలు. ఒంటరితనం, జనం అనే మాటలను తానే నమ్మడం, ఎదురైన వివక్ష, నలుగురిలోంచి తప్పుకోవడం, వాటన్నింటినీ తట్టుకునే శక్తి. చివరి భాగం ఉండటం నాకు చాలా ఇష్టం. రోగిని బాధితుడిగా మాత్రమే చూడకుండా, అతనిలో మిగిలిన ధైర్యాన్ని కూడా ఇది అడుగుతుంది. జబ్బు లేనివారికి దీన్ని ఇవ్వకండి, ప్రశ్నలు వాళ్లకు అర్థం కావు.

డాక్టర్ దగ్గరికి, కౌన్సెలర్ దగ్గరికి ఎందుకు వెళ్లడం లేదు అన్నది మీ ప్రశ్న అయితే, సెల్ఫ్-స్టిగ్మా ఆఫ్ సీకింగ్ హెల్ప్ స్కేలు. పది వాక్యాలు. జబ్బు ఉండటం మీది సిగ్గు వేరు, సహాయం అడగడం మీది సిగ్గు వేరు. జబ్బును ఒప్పుకున్న మనిషి కూడా కౌన్సెలర్ ముందు కూర్చోవడానికి నామోషీ పడొచ్చు. యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్లకు ఇదే ఎక్కువ ఉపయోగం.

కంపెనీవాళ్లకు ఒక మాట. 2015 డిసెంబరు నుంచి జపాన్‌లో 50 మంది, అంతకు పైన పనిచేసే చోట్ల ఏడాదికోసారి స్ట్రెస్ చెక్ తప్పనిసరి. ఎక్కువగా వాడేది 57 ప్రశ్నల ప్రశ్నావళి. అది కొలిచేది పనిలో టెన్షన్, దాని లక్షణాలు, ఎవరి ఆసరా ఉందన్నది. సిగ్గును అది ముట్టుకోదు. స్ట్రెస్ చెక్‌లో స్కోరు ఎక్కువ వచ్చినవాళ్లు డాక్టర్‌తో మాట్లాడటానికి ముందుకు రావాలంటే, తమకు బాగోలేదని యాజమాన్యానికి చెప్పుకోవాలి. ఆ అడుగు వేయనివ్వనిది సిగ్గే. అందుకే స్ట్రెస్ చెక్‌కు దూరంగా, పేరు రాయనక్కర్లేని పొట్టి ఏటీఎంహెచ్‌పీఎస్‌ను విడిగా నడపండి. రెండింటినీ ఒకే కాగితం మీద పెడితే, కంపెనీ చూస్తుందేమోనన్న భయంతో రెండూ పాడవుతాయి.

మధ్య గడి సంగతి

జపాన్, తైవాన్ విద్యార్థులు గళ్ల ప్రశ్నలకు అమెరికా విద్యార్థుల కన్నా ఎక్కువగా మధ్య గడినే ఎంచుకుంటారని 1995లోనే ఒక అధ్యయనం చూపించింది. అటూ ఇటూ తేల్చి చెప్పకపోవడం అక్కడ మర్యాద కూడా. నాలుగు గళ్ల స్కేళ్లలో మధ్య గడి ఉండదు కాబట్టి జవాబు ఒక వైపు మొగ్గక తప్పదు. ఏటీఎంహెచ్‌పీఎస్‌ను నేను మెచ్చడానికి అదీ ఒక కారణం.

తిరగేసిన వాక్యాలతో, అంటే ఒప్పుకుంటే స్కోరు పెరగక తగ్గే వాక్యాలతో, కూడా జాగ్రత్త. డిప్రెషన్ కొలిచే ఒక పేరున్న 20 ప్రశ్నల స్కేలులో నాలుగు ప్రశ్నలు సంతోషం, ఆశ గురించి ఉంటాయి. సంతోషంగా ఉన్నాను అని గట్టిగా చెప్పడానికి జపాన్‌లో జనం వెనకాడతారు. దాంతో బాగున్నవాళ్ల స్కోరు కూడా డిప్రెషన్ ఉన్నట్టు పెరిగిపోతుందని పరిశోధకులు గమనించారు. సహాయం కోరడం మీది పది వాక్యాల స్కేలులో సగం ఇలా తిరగేసినవే. అందుకని నేరు వాక్యాల సగటు, తిరగేసిన వాక్యాల సగటు విడివిడిగా తీసి చూడండి. రెండూ ఒకే కథ చెప్పకపోతే మొత్తం స్కోరును నమ్మకండి.

జపాన్ స్కోరును ఇంకో దేశం స్కోరుతో పోల్చాలంటే, స్కేలు రెండు భాషల్లోనూ ఒకే విధంగా పనిచేస్తోందని ముందు గణాంకాలతో చూపించాలి. అది చూపించకుండా జపాన్‌వాళ్లకు సిగ్గు ఎక్కువ అని రాయడం అన్యాయం.

జపాన్‌లో ఉన్న మనవాళ్లకు ఇవ్వాలంటే

టోక్యోలో నిషి-కసాయ్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాల మీద ఇదే అధ్యయనం చేయాలని కొందరికి ఉంటుంది. ఆఫీసులో జపనీస్ బాగా మాట్లాడతారు కదా అని జపనీస్ రూపం ఇవ్వకండి. పని చేసే భాష వేరు, సిగ్గుపడే భాష వేరు. హమమత్సు నగరంలో ఉండే, బ్రెజిల్ నుంచి వచ్చిన జపాన్ సంతతివారి విషయమూ ఇంతే, పేర్లు జపనీస్‌వే అయినా ఇంట్లో పోర్చుగీస్ మాట్లాడేవాళ్లు చాలామంది. జపనీస్‌లో పెరిగి, జపనీస్‌లో పోట్లాడి, జపనీస్‌లో ఏడ్చినవాళ్లకే జపనీస్ ప్రశ్నావళి. మిగతావాళ్లకు ఇంటి భాషలో అనువాదం చేయించి, దాన్ని వేరే మనిషితో తిరిగి మూల భాషలోకి మార్పించి, రెండింటినీ పక్కన పెట్టి సరిచూడాలి.

ఏది ఎంచుకున్నా, స్కేలు తయారుచేసినవారికి, జపనీస్ రూపం చేసినవారికి ఉత్తరం రాసి అనుమతి తీసుకోండి. చివరి పేజీలో ఇనోచి నో దెన్వా లాంటి ఫోన్ సహాయ సేవల వివరాలు పెట్టండి. ఇలాంటి ప్రశ్నలు చదివాక కొందరికి ఆ రాత్రి నిద్ర పట్టదు.

అసలు సర్వేకు ముందు అయిదారుగురికి ఇచ్చి, పక్కన కూర్చుని, ప్రతి వాక్యం చదివాక ఏమర్థమైందో వాళ్ల మాటల్లో చెప్పమనండి. కుటుంబం గురించిన వాక్యాల దగ్గర ఎవరైనా పెన్ను ఆపి కాసేపు ఊరుకుంటే తొందరపెట్టకండి. ఆ వాక్యం నంబరు రాసుకోండి. ఎందుకు ఆగారో వాళ్లు చెబితే వినండి, చెప్పకపోతే అడగకండి.